పాలిటీ గైడు ఒకటి, పాకెట్ రాజ్యాంగం ఒకటి: ఆర్నెల్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. గైడుకి 5కి 2, పాకెట్ రాజ్యాంగానికి 5కి 4. రెండోదానికి పోయిన ఆ ఒక్క మార్కూ అక్షరాల సైజుకే. రాత్రి పదకొండు దాటాక ట్యూబ్‌లైటు కింద ఫుట్‌నోట్లు చదివి చదివి నాకు కళ్లద్దాలు వచ్చేలా ఉన్నాయి.

గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఇది రెండో ఏడు. పాలిటీ (రాజ్యాంగం, పాలన సబ్జెక్టు) అంటే మొదటి నుంచీ ఇష్టమే, కానీ మార్కులు మాత్రం ఎప్పుడూ అక్కడే ఆగిపోయేవి. స్టడీ హాల్లో పక్క సీటు తమ్ముడు "అన్నా, ఇది ఒక్కటి చదివితే చాలు" అంటూ ఒక తెలుగు మీడియం గైడు చూపించాడు. ఏ పబ్లిషర్‌దో రాయను, రాస్తే గొడవ. కోఠిలో బేరమాడితే 420కి ఇచ్చారు, 640 పేజీలు. ఆ వారమే అదే వరసలోని ఇంకో షాపులో పాకెట్ సైజు రాజ్యాంగం కనిపించింది, ఇంగ్లీషుది. నల్ల రెగ్జిన్ అట్ట, ఉల్లిపొర కాగితం, చొక్కా జేబులో పట్టేస్తుంది. అసలు దాన్ని ముచ్చటపడి కొన్నానంతే, చదువుతానని కాదు. దానికి తోడు కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు పీడీఎఫ్‌ని మా గల్లీ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించా. అంటే లెక్కప్రకారం మూడు పుస్తకాలు, కానీ మూడోదాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అట్ట మీదే "భారత సంవిధానము" అని ఉంటుంది, లోపల భాషంతా అదే వరస. మనం ఆర్టికల్ అనేదాన్ని అది అనుచ్ఛేదం అంటుంది. పదిసార్లు చదివితే గానీ నాలుక తిరగదు. అయినా ఇంగ్లీషు వాక్యం కొరుకుడు పడనప్పుడు పక్కన పెట్టుకోవడానికి పనికొస్తుంది, డబ్బులు వృథా అని మాత్రం అనను.

గైడులో మంచి ముందు చెప్తా. చాప్టర్ల వరస బాగుంది. ప్రాథమిక హక్కులు 12 నుంచి 35 దాకా ఏ ఆర్టికల్‌లో ఏముందో ఒకే పేజీలో పట్టిక వేశారు. పౌరులకు మాత్రమే వర్తించేవి 15, 16, 19, 29, 30 అనీ, 14, 20, 21, 22 లాంటివి మన గడ్డ మీద ఉన్న విదేశీయులకూ వర్తిస్తాయనీ చక్కగా విడదీశారు. ఇది ప్రతి పరీక్షలోనూ ఏదో ఒక రూపంలో తగులుతుంది. సవరణలు గుర్తుండటానికి కోడ్లు కూడా ఇచ్చారు, కొన్ని నవ్వొచ్చేలా ఉన్నాయి గానీ గుర్తుంటాయి. 52 అంటే ఫిరాయింపులు, 61 అంటే ఓటు వయసు 21 నుంచి 18కి, 73 అంటే పంచాయతీలు, 74 అంటే మున్సిపాలిటీలు, 101 అంటే జీఎస్టీ, 103 అంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా). వారంలో నోటికి వచ్చేశాయి. వచ్చేశాక నాకు అంతా వచ్చేసిందనే అనుకున్నా.

ఇక బిట్ బ్యాంక్, అంటే ప్రాక్టీసు ప్రశ్నల భాగం. "ప్రస్తుతం రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు ఎన్ని?" కీలో జవాబు 7. అదే గైడులో, అదే చాప్టర్‌లో, నాలుగు పేజీల ముందు 6 అని ఉంది! ఆ ఏడోది ఆస్తి హక్కు, ఎప్పుడో జాబితాలోంచి పోయింది. ఎప్పటిదో పాత ఎడిషన్ బిట్లు తెచ్చి అలాగే అతికించేశారన్నమాట. అట్ట మీద మాత్రం "లేటెస్ట్ ఎడిషన్" అని ఎర్రరంగులో మెరుపు గుర్తు.

దీని మీద నాకు ఇంత కోపం ఎందుకంటే, సరిగ్గా ఆ వారమే మా బావ ఫోన్ చేశాడు. ఊళ్లో కాలువ కోసం ఆయన పొలంలో కొంత పోతుందని కొలతలు వేస్తున్నారు. "ఏం బామ్మర్దీ, ఆస్తి హక్కు రాజ్యాంగంలో తీసేసిన్రంట గదా, ఇగ మనకు అడిగే హక్కే లేదంటున్నరు ఇక్కడ, నిజమేనా?" అని. గైడు తీశా. "44వ సవరణ (1978): ఆస్తి హక్కు తొలగింపు, 300ఏ చేర్పు." ఒకటే లైను. బావకి ఏం చెప్పాలి ఈ లైనుతో? తొలగింపు అంటే ఆయన విన్నదే నిజమనుకుంటాడు.

అప్పుడు మొదటిసారి ఆ పాకెట్ పుస్తకాన్ని సీరియస్‌గా తెరిచా. 19వ ఆర్టికల్, మొదటి క్లాజు. ఏ, బీ, సీ, డీ, ఈ అని వరసగా వస్తాయి. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమవడం, సంఘాలు పెట్టుకోవడం, దేశమంతా తిరగడం, ఎక్కడైనా నివసించడం. ఆ తర్వాత (ఎఫ్) అని వేసి, దాని పక్కన ఏమీ లేదు, వరసగా నక్షత్రం గుర్తులు, అంతే. వెంటనే (జీ), వృత్తి వ్యాపారాలు. ఆ నక్షత్రాల దగ్గర చిన్న అంకె, కిందికి చూస్తే ఫుట్‌నోట్: 44వ సవరణ చట్టం, 1978 ద్వారా ఎఫ్ తొలగించబడింది, 20-6-1979 నుంచి అమలు. ఊరి వీధిలో ఇల్లు కూలగొట్టి జాగా మాత్రం అలాగే వదిలేసినట్టు ఉంటుంది ఆ లైను. మిగతా అక్షరాల్ని ముందుకు జరిపి (జీ)ని (ఎఫ్) చేసేయొచ్చు కదా, చేయలేదు. ఆ ఖాళీ చూశాక 19(1)(ఎఫ్) ఏమిటో ఇంక జన్మలో మర్చిపోను. 31వ ఆర్టికల్ కూడా అంతే, శీర్షిక బ్రాకెట్లో ఉంటుంది, లోపల రద్దు అయిందని ఉంటుంది.

అక్కణ్ణుంచి పేజీలు తిప్పి 300ఏ దగ్గరికి వెళ్లా. ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారం ఉంటే తప్ప ఏ వ్యక్తి ఆస్తినీ తీసుకోకూడదని. అంటే బావా, హక్కు పోలేదు, ఇంట్లో ముందు గదిలోంచి వెనక గదిలోకి మారింది. ప్రాథమిక హక్కు కాదు కాబట్టి ఈ హక్కు ఒక్కదాన్నే పట్టుకుని 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకి పోలేవు, కానీ 226 కింద హైకోర్టు తలుపు తెరిచే ఉంది. సర్కారు తీసుకోవాలన్నా చట్టం ప్రకారమే తీసుకోవాలి, 2013 భూసేకరణ చట్టం ఉంది, నోటీసు, అభ్యంతరాలు, పరిహారం, అన్నీ దాని వరసలో నడవాలి. ఇదంతా ఫోన్లో చెప్తే బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌ల పెట్టు" అన్నాడు. అప్పుడే ఈ రివ్యూ రాయాలని అనుకున్నా, ఇప్పటికి కుదిరింది.

ఆ రోజు నుంచి నా చదువు తిరగబడింది. ముందు పాకెట్ పుస్తకంలో ఆర్టికల్, దాని ఫుట్‌నోట్, ఆ తర్వాతే గైడు. సవరణలన్నీ గైడులో వెనక ఒక చాప్టర్‌లో అంకెల జాబితాగా ఉంటాయి. పాకెట్ పుస్తకంలో అవి ఎక్కడ గాయం చేశాయో, ఎక్కడ కట్టు కట్టాయో అక్కడే కనిపిస్తాయి. పీఠిక తీసుకోండి. "సామ్యవాద, లౌకిక" అన్న చోట చిన్న అంకె, కింద 42వ సవరణ, 3-1-1977 నుంచి అమలు అని. సవరణ చట్టం 1976ది, అమల్లోకి వచ్చింది 1977లో. ఈ రెండు సంవత్సరాల తేడాని పట్టుకుని ఎన్ని బిట్లు ఇవ్వొచ్చో మీరే ఆలోచించండి.

లేదా 359. ఎమర్జెన్సీలో హక్కుల కోసం కోర్టుకి వెళ్లే వీలును రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆపేయొచ్చని చెప్పే ఆర్టికల్ ఇది. మధ్యలో ఒక చిన్న బ్రాకెట్, "20, 21 ఆర్టికల్స్ తప్ప" అని. ఇదీ 44వ సవరణ పెట్టిందే. 1976లో జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అక్రమంగా జైల్లో పెట్టినా హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) అడగడానికి లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జిలు అంటే, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లకి వచ్చిన ఆ బ్రాకెట్ వెనక ఉన్న కథ ఇది. గైడులో కేసు ఒకచోట, సవరణ ఇంకోచోట, ఆర్టికల్ మూడోచోట. మూడింటికీ చుట్టరికం ఉందన్న మాటే ఎక్కడా లేదు.

మన కోకా సుబ్బారావు గారి సంగతీ అంతే. రాజమండ్రి మనిషి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు, ఆరుగురు ఒకవైపు ఐదుగురు ఒకవైపు, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు సవరణ చేసి కూడా తగ్గించలేదని. దానికి పార్లమెంటు ఇచ్చిన జవాబు ప్రాథమిక హక్కుల్ని తగ్గించే చట్టాలు చెల్లవని చెప్పే 13వ ఆర్టికల్ చివర్లో నాలుగో క్లాజుగా ఇప్పటికీ ఉంది. రాజ్యాంగాన్ని సవరించే పద్ధతి చెప్పే 368 కింద చేసిన సవరణలకి ఈ ఆర్టికల్ వర్తించదని ఒకటే వాక్యం, ఫుట్‌నోట్‌లో 24వ సవరణ, 1971. ఆ తర్వాత 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిలు కూర్చుని 7–6తో గోలక్‌నాథ్‌ని పక్కనపెట్టి, సవరించొచ్చు గానీ రాజ్యాంగం మౌలిక స్వరూపం (మూల లక్షణాలు) జోలికి మాత్రం పోవద్దన్నారు. ఆ ఏడుగురిలో మన పి. జగన్మోహన్ రెడ్డి గారు కూడా ఒకరు. ఇది గైడులో లేదు, లేకపోయినా నష్టం లేదు, నాకు మాత్రం తెలిసిన రోజు ఎందుకో భలే సంతోషమేసింది.

ఒక హెచ్చరిక. పాకెట్ పుస్తకంలో అచ్చయిందంతా అమల్లో ఉందనుకోకండి. 368లో 4, 5 క్లాజులు ఉంటాయి, సవరణల్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని. 42వ సవరణ తెచ్చినవి. 1980లో మినర్వా మిల్స్ కేసులో వాటిని కొట్టేశారు. అయినా అచ్చులో అలాగే ఉన్నాయి, చెల్లవన్న సంగతి ఫుట్‌నోట్‌లో ఉంది. జడ్జిల నియామకాల కమిషన్ గురించి 124ఏ కూడా అంతే, 99వ సవరణతో వచ్చింది, 2015లో కోర్టు కొట్టేసింది, పుస్తకంలో మాత్రం దర్జాగా కూర్చుని ఉంది. ఫుట్‌నోట్ చూడకుండా పైన ఉన్నది మాత్రమే చదివితే మునిగిపోతాం.

ఇక గైడుకి నేను రెండు మార్కులే ఇవ్వడానికి అసలు కారణం 22వ ఆర్టికల్. స్టడీ హాల్ కింద టీ కొట్టు దగ్గర ఆ పక్క సీటు తమ్ముడు అడిగాడు, "అన్నా, ముందస్తు నిర్బంధంలో సలహా మండలి దగ్గరికి పోకుండా ఎన్ని రోజులు ఉంచొచ్చు, రెండు నెలలా మూడా?" ముందస్తు నిర్బంధం అంటే నేరం చేయకముందే అనుమానంతో లోపల పెట్టడం, సలహా మండలి అంటే అది సబబేనా అని చూసేది. నేను వెంటనే రెండు అన్నా. గైడులో "44వ సవరణ ద్వారా 3 నెలల నుంచి 2 నెలలకు తగ్గించారు" అని బోల్డ్‌లో ఉంది కదా. పక్కనున్న ఇంకో అక్క, లా చదివిన ఆవిడ, మూడు అంది. పందెం కట్టాం, రెండు సమోసాలు. జేబులోంచి పాకెట్ పుస్తకం తీశా. 22(4)లో మూడు నెలలనే ఉంది! కింద ఫుట్‌నోట్ పావు పేజీ. విషయం ఏమిటంటే, 44వ సవరణలో సెక్షన్లని వేర్వేరు తేదీల్లో అమల్లోకి తెచ్చే వీలు కేంద్రానికి ఇచ్చారు. ఎక్కువ భాగం 1979లో వచ్చేసింది. ఈ నిర్బంధం గురించిన మూడో సెక్షన్‌కి మాత్రం తేదీ ప్రకటించనేలేదు. పార్లమెంటు పాస్ చేసింది, రాష్ట్రపతి సంతకం పెట్టారు, అయినా అమల్లో లేదు. 1981 చివర్లో ఏ.కె. రాయ్ కేసులో దీన్ని సుప్రీంకోర్టు ముందు పెడితే, తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని మేం ఆదేశించలేమని మెజారిటీ జడ్జిలు అన్నారు. నా కాపీలో ఇప్పటికీ మూడే.

సమోసాలు నేనే కొన్నా. డబ్బులు పోతే పోయాయి, ఇదే బిట్టు పరీక్షలో వచ్చి ఉంటే? గైడు రాసినవాళ్లు సవరణ చట్టం చదివారు, అమలు తేదీ చూడలేదు. ఫుట్‌నోట్ చూసి ఉంటే పది సెకన్ల పని. పబ్లిషర్‌కి మెయిల్ పెట్టా, రెండు నెలలైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు.

అలా అని పాకెట్ పుస్తకం ఒక్కటీ చాలదు, అది కూడా చెప్పాలి. 21వ ఆర్టికల్ ఇంగ్లీషులో మొత్తం 18 పదాలు. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదని, అంతే. దాంట్లో బతుకుదెరువు ఉందని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, చదువు ఉందని 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, గోప్యత ఉందని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు చెప్పారని ఆ 18 పదాలు చూస్తే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ గైడు కావాలి, గైడు బాగానే రాసింది కూడా. ఉన్నికృష్ణన్ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే అని కూడా వేశారు, మెచ్చుకోవాలి. ఆ తీర్పు తర్వాతే 2002లో 86వ సవరణ, 21ఏ, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య. దాని చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అసలు 45వ ఆర్టికల్‌లో మొదట రాసుకున్నది, రాజ్యాంగం వచ్చిన పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ చదువు చెప్పడానికి ప్రయత్నించాలని. అంటే 1960కల్లా! అరవై ఏళ్లు పట్టింది. మా అమ్మ ఐదో తరగతితో ఆగిపోయింది, ఈ లెక్క ఆమెకి చెప్తే "అప్పుడే ఇచ్చి ఉంటే నీకు నేనే ట్యూషన్ చెప్పేదాన్ని గదరా" అంది.

మన దగ్గరివాళ్లు తప్పకుండా చూడాల్సిన పేజీ 371డీ, ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకి అవకాశాల గురించిన ఆర్టికల్. 32వ సవరణ, 1973, ఆరు సూత్రాల పథకం తర్వాత వచ్చింది. జోన్లు, లోకల్, నాన్‌లోకల్ అని మనం రోజూ కొట్టుకునేదంతా దీంట్లోంచే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం ఉద్యోగాలు స్థానికులకి అయ్యాయి. నేను లోకల్ అని చూపించడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్ల (అక్కడే చదివామన్న సర్టిఫికెట్ల) కోసం నేను మా ఊరి ప్రైమరీ స్కూలు చుట్టూ మూడుసార్లు తిరిగా. రిజిస్టర్‌లో నా పేరు పక్కన చెదలు తిన్న చిల్లు ఉంటే హెడ్‌మాస్టర్ గారు ఏడో తరగతి టీసీ తెమ్మన్నారు. ఆ తిరుగుడంతా ఒక ఆర్టికల్ పుణ్యమని అప్పుడు తెలియదు. ఇంకో తమాషా, ఈ ఆర్టికల్‌లో "తెలంగాణ" అన్న మాటని 106 సవరణల్లో ఏదీ చేర్చలేదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 97వ సెక్షన్ చేర్చింది. రాష్ట్రాలను విడదీసే చట్టంతో ఇలా చేస్తే 4వ ఆర్టికల్ ప్రకారం అది 368 కింద సవరణ లెక్కలోకి రాదు. ఇదీ ఫుట్‌నోట్‌లోనే దొరికింది.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. పాకెట్ పుస్తకం కొనేముందు వెనక్కి తిప్పి ఎన్నో సవరణ దాకా ఉందో చూడండి. నాది 106, అంటే 2023లో వచ్చిన చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ దాకా ఉంది. ఫుట్‌పాత్ మీద 100 దగ్గరే ఆగిపోయిన కాపీలు కూడా అమ్ముతున్నారు, అందులో జీఎస్టీ కూడా ఉండదు. ఇంగ్లీషు భయమైతే తెలుగు పీడీఎఫ్ పక్కన పెట్టుకోండి. హైలైటర్ మాత్రం వాడకండి, ఉల్లిపొర కాగితం కదా, ఇవతల గీస్తే అవతల 14వ ఆర్టికల్ పచ్చగా అయిపోయింది నాది. పెన్సిల్ చాలు.

గైడు నేను అమ్మేస్తున్నా. ఎవరికైనా కావాలంటే 150కి ఇస్తా, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరికి వస్తే చాలు. 22వ ఆర్టికల్ దగ్గర రెండు కొట్టేసి మూడు అని, బిట్ బ్యాంక్‌లో ఏడు కొట్టేసి ఆరు అని దిద్ది ఉంటుంది.